కలయజూచు కన్ను – తెరమీది తెలుగు

వ్రాయువారి కందఱికిని ఒక నమ్మకము కలదు. తాము వ్రాసినదానిని చదువరి మొదటి యక్షరము మొదలుకొని తుది యక్షరమువఱకు, ఒక్క మాటయు విడువక, చదువునని వారి తలంపు. ఈ నమ్మకము మనస్సునకు సుఖము గొలుపునదే గాని నిజము కాదు. నెలపత్రిక చేతికి వచ్చినప్పుడు మన మేమి చేయుదుము? మొదట పుటలు త్రిప్పుదుము. బొమ్మలు చూతుము. శీర్షికల మీద కన్ను వేయుదుము. వంటల పుట యెక్కడ నున్నదో గుఱుతు పెట్టుకొందుము. ధారావాహిక నవలలో నాయిక యీ నెల యే గండమున చిక్కినదో తుది పేరాలో ముందుగనే చూచికొందుము. (ఈ పని చేయని సోదరి యెవరైన నున్నచో ఆమెకు మా నమస్కారము.) పిదప మధ్యాహ్నము తీరుబడి చిక్కినప్పుడు ఒకటి రెండు వ్యాసములు పూర్తిగా చదువుదుము.

ఈ మొదటి చూపునే మేము కలయజూచుట అనుచున్నాము. చాటలో బియ్యము పోసికొని రాళ్ళేరు స్త్రీ ప్రతి గింజను పరీక్షింపదు. ఆమె చూపు గింజల మీద జాఱిపోవుచు, రాయి యున్నచోటనే ఆగును. కలయజూచు చదువరి పనియు నట్టిదే. అది సోమరితనము కాదు, నేర్పు.

ఫోను తెరమీద ఈ యలవాటు మఱింత హెచ్చు. కాగితముపై నున్నది నిలుకడగా ఎదుట నుండును. తెరమీదిది వ్రేలు కదలినంతనే పైకి పోవును. చదువు గృహిణికో, ఒక చేత ఫోను, ఒక చేత గరిటె. బడినుండి పిల్లల సెలవుల నోటీసు, బ్యాంకువారి హెచ్చరిక, గ్యాసు బండ వచ్చు దినము, కరెంటు బిల్లు, ఆసుపత్రిలో వైద్యులు కూర్చుండు వేళలు, మావుళ్ళమ్మవారి యుత్సవముల సంగతి, గునుపూడి సోమారామమున అభిషేకపు వేళలు – ఇవి యన్నియు నేడు భీమవరమున ఇల్లిల్లును చేరునది ఈ చిన్న తెర మీదుగానే. 2022 ఏప్రిల్ 4వ తేదీన ఈ యూరు పశ్చిమగోదావరి జిల్లాకు ముఖ్యపట్టణ మయ్యెను గనుక కచేరీల ప్రకటనలకును కొఱత లేదు.

మఱియు మన స్త్రీలు ఇప్పుడు చదువువారు మాత్రమే కారు, వ్రాయువారు కూడ. ఇంట ఊరగాయలు పెట్టి పొరుగూళ్ళకు పంపువారు, నరసాపురపు లేసు అల్లి అమ్మువారు, ఆత్రేయపురపు పూతరేకులు చుట్టువారు, తమ సరకును గూర్చి వెబ్‌సైటులో తామే వ్రాసికొనుచున్నారు. స్వయంసహాయక సంఘమున లెక్కలు చూచు సోదరి సభ్యులందఱికి వాట్సాప్ సందేశము వ్రాయును. స్త్రీలకే ప్రత్యేకించిన శ్రీవిష్ణు ఇంజినీరింగు కళాశాల భీమవరమున 2001లో వెలసినది. వెబ్‌సైటులు కట్టు విద్య బాలికలకు అందుబాటులోనే యున్నది. కట్టుట యొక విద్య, అందు వ్రాయుట వేఱొక విద్య. ఈ రెండవదానిని గూర్చియే మా మాట.

డెన్మార్కు దేశమున పుట్టిన జాకబ్ నీల్సెన్ అను పండితుడు, జాన్ మోర్క్స్ అను సహచరునితో కలసి, 1997లో ఈ సంగతిని పరీక్షించెను. క్రొత్త పుట తెఱచినప్పుడు నూటికి 79 మంది కలయజూచిరి. మాట వెంట మాటగా చదివినవారు 16 మందియే. వారు అంతటితో విడువలేదు. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రపు యాత్రాస్థలములను గూర్చిన వెబ్‌సైటు నొకదానిని అయిదు విధములుగా వ్రాయించిరి. సంగతు లొక్కటే, వ్రాతతీరు మాత్రము వేఱు. మొదటిది ప్రకటనకర్తల పొగడ్తల ధోరణి. దానితో పోల్చి చూడగా, మాటలు సగమునకు తగ్గించిన పుట నూటికి 58 వంతులు మేలుగా పనికివచ్చెను. మాటలు తగ్గింపక, ఉపశీర్షికలు పెట్టి వరుసలుగా విడదీసిన పుట 47 వంతులు మేలు. పొగడ్తలు మాత్రము తీసివేసి ఉన్నదున్నట్లు చెప్పిన పుట 27 వంతులు. ఈ మూడును కలిపి చేసిన పుట 124 వంతులు. అనగా రెట్టింపునకు మించినది.

పొగడ్తలు తీసివేసినంత మాత్రమున చదువుట తేలిక యగుట మాకు మిక్కిలి నచ్చినది. "అమోఘము", "అద్వితీయము", "మఱెచ్చటను దొరకదు" అని కనబడినప్పుడెల్ల మన మనస్సు ఒక క్షణ మాగి, నిజమేనా యని తర్కించుకొనును. ఆ తర్కమే శ్రమ. ఊరగాయ సీసా మీద "ఈ వేసవి కాయ, పప్పునూనె, బరువు అరకిలో" అని యున్నచో తర్కమునకు పని లేదు.

ఇది యంతయు పడమటి దేశముల వారు కనిపెట్టిన వింత యని తలంపవలదు. మన యిండ్లలో గోడకు వ్రేలాడు పంచాంగమును చూడుడు. దానిని మొదటినుండి తుదివఱకు చదివిన గృహిణిని మేము చూచియుండలేదు. ఉగాదినాడు పంతులుగారు చదువగా వినుట వేఱు, అది శ్రవణము. తక్కిన సంవత్సరమంతయు పంచాంగము వెదకికొను పుస్తకమే. పొరుగింటి వదినగారు వచ్చి, "ఈవేళ వర్జ్యం ఎప్పుడండీ?" అని యడిగినచో, మాసము చూచి, పక్షము చూచి, నాటి వరుస మీద వ్రేలు పెట్టి, ఆమె గుమ్మము దాటకముందే చెప్పుదుము. తిథి, వారము, నక్షత్రము, యోగము, కరణము – అయిదంగములును ప్రతిదినము అదే క్రమమున, అదే చోట నుండుటచేతనే యిది సాధ్యమైనది. చోటు మాఱని వస్తువును కన్ను తడవికొనకుండ పట్టుకొనును. వంటింటిలో పోపులపెట్టెను ఎఱిగినవారికి ఈ మాట వివరింప నక్కఱ లేదు.

వర్తకుల లెక్కలలోను ఇట్టి భేదము పూర్వమునుండి కలదు. ధాన్యపు వర్తకుని యొద్ద రెండు పుస్తకము లుండెడివి. ఏ దినమున ఏమి వచ్చెనో ఏమి పోయెనో జరిగిన వరుసను వ్రాయునది చిట్టా. ఆ పద్దులనే పేరు పేరు వరుసను విడదీసి యెక్కించునది ఆవర్జా. చిట్టా వ్రాయువానికి సులభము. ఆవర్జా చూచువానికి సులభము. ఫలానివారి బాకీ యెంత యని అడిగినచో చిట్టా అంతయు తిరుగవేయవలెను; ఆవర్జాలో ఒక్క పుట తీసిన చాలును. నేడు ఫోనులో మనకు వచ్చు ప్రకటనలలో పెక్కులు చిట్టాలే. వ్రాసినవారి మనస్సునకు తోచిన వరుసను వచ్చి పడును. చదువువారి ప్రశ్నల వరుసను పేర్చినచో అవి ఆవర్జా లగును. ఒక పద్దును చిట్టానుండి ఆవర్జాకు ఎక్కించుటకు గుమాస్తా పడిన శ్రమ యేదో, ఆ శ్రమను వ్రాయువారు పడవలయును. వారు పడనిచో వెయ్యిమంది చదువరులు వెయ్యిమాఱులు పడవలసి వచ్చును.

నిఘంటువుల చరిత్రయు నిట్టిదే. అమరకోశమును మన పెద్దలు కంఠస్థము చేసిరి. స్వర్గవర్గము, భూమివర్గము, వనౌషధివర్గము అను విభాగములుగా శ్లోకములలో నున్న ఆ గ్రంథము నాలుక కొఱకు పుట్టినది, కంటి కొఱకు కాదు. తెలుగున పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహమును పద్యములలో ఇట్లే సంతరించెను. మచిలీపట్టణపు మామిడి వెంకయ్య 19వ శతాబ్ది యారంభమున కూర్చిన ఆంధ్రదీపికలోను, 1852లో బ్రౌనుదొర ప్రకటించిన నిఘంటువులోను పదములు అకారాది క్రమమున నిలిచినవి. ఇక కంఠస్థము చేయ నక్కఱ లేదు, వెదకికొన్న చాలును. తాటియాకు మీద మాటకు మాటకు నడుమ ఎడము లేదు, పేరాలు లేవు. పాఠము నెఱిగినవాడే చదువవలెను, బిగ్గరగా చదువవలెను. మాటల నడుమ ఎడమును, పేరా మొదట ఖాళీని, విరామచిహ్నములను, విషయసూచికను అచ్చుయంత్రము మన కలవాటు చేసినది. కాగితముమీది ఆ తెల్లని ఎడములు వ్యర్థమైన చోటులు కావు. కలయజూచు కన్ను కాలు మోపునది వాటి మీదనే.

ఇంతవఱకు అన్ని భాషలకును చెల్లు మాటలు. ఇక తెలుగునకే చెందిన చిక్కొకటి కలదు. దానిని గూర్చి కొంత నిదానముగా చెప్పవలసియున్నది.

నీల్సెన్ 2006లో 232 మంది చదువరుల కన్నులు తెరమీద ఎట్లు కదలుచున్నవో యంత్రముతో గమనించి, ఆ కదలిక ఇంగ్లీషు అక్షరమాలలోని ఎఫ్ అక్షరమువలె నున్నదని తెలిపెను. మొదటి పంక్తిని ఎడమనుండి కుడికి చాలవఱకు చదువుదురు; కొంత దిగి, మఱియొక పంక్తిని సగము చదువుదురు; పిదప ఎడమ యంచు వెంబడి క్రిందికి జాఱుదురు. అనగా పంక్తుల మొదటి మాటలకు దొరకిన మన్నన తుది మాటలకు దొరకదు. ఇంగ్లీషు వాక్యమునకు దీనివలన గలుగు హాని స్వల్పము. వారి భాషలో "వద్దు", "కాదు" అను మాటలు వాక్యము మొదటనో మొదటి చెంతనో వచ్చును. మన భాషలో క్రియ తుదను వచ్చును. ఆ క్రియలో కూడ అవును కాదుల భేదము కడపటి అక్షరములలోనే నిలిచి యుండును. "చెల్లును", "చెల్లదు", "ఇవ్వవచ్చును", "ఇవ్వరాదు". వాక్య మంతయు నడచి, గుమ్మమువఱకు వచ్చి, అప్పుడు గాని అసలు మాట బయటపడదు.

దీనివలన గలుగు అపాయమును చూడుడు. "జ్వరముతో నున్న పిల్లలకు వైద్యుడు స్వయముగా చూచి చెప్పిన సందర్భమున దప్ప ఆస్పిరిన్ మాత్రలను ఇవ్వరాదు" అని యొక వాక్యము. వ్యాకరణమున దోషము లేదు. సంగతియు సత్యమే, కొన్ని జ్వరములలో ఆ మాత్ర పిల్లల మెదడునకును కాలేయమునకును కీడు తెచ్చును. కాని ఇరుకైన ఫోను తెరమీద ఈ వాక్యము మూడు నాలుగు పంక్తులుగా విఱుగును. అర్ధరాత్రమున ఒడిలో కాలిపోవుచున్న బిడ్డతో తల్లి ఏమి చూచును? జ్వరము, పిల్లలు, వైద్యుడు చెప్పెను, ఆస్పిరిన్. "ఇవ్వరాదు" అను మాట క్రింది పంక్తిలో ఒంటరిగా పడియున్నది. ఆమె చూపు అచ్చటికి చేరకమునుపే చేయి మాత్రల డబ్బాను వెదకుచుండును.

"ఆస్పిరిన్ – పిల్లలకు వద్దు" అని మొదట నొక పంక్తి పెట్టి, తక్కినదంతయు దాని క్రింద చెప్పినచో ఈ యపాయము తీరును. ఇది తెలుగు వాక్యమునకు చేసిన బలాత్కారము కాదు. పొయ్యి దగ్గఱకు ప్రాకుచున్న పసివానిని చూచిన తల్లి, "ఉడుకుచున్న ఆ గిన్నెను ముట్టుకొనవలదు" అని వాక్యము పూర్తి చేయునా? "వద్దు! వద్దు! కాలుతుంది!" అని కేక వేయును. త్వర కలిగినప్పుడు మన తెలుగు తానే ముందుకు దూకి నిషేధమును మొదట నిలుపును. కాలు జాఱునప్పుడు పలుకు తెలుగు మన కందఱికిని వచ్చును; కలము పట్టగనే దానిని మఱచిపోవుచున్నాము.

మఱియొక యుదాహరణము. నీళ్ళ విరేచనములు పట్టిన పిల్లలకు ఇచ్చు ఓఆర్‌ఎస్ పొడిని గూర్చి మర్యాదగా నొక వాక్యము వ్రాసినచో ఇట్లుండును: "చేతులను సబ్బుతో శుభ్రముగా కడిగికొనిన పిదప, కాచి చల్లార్చిన ఒక లీటరు నీటిలో పొట్లములోని పొడి యంతయు ఒక్కమాఱే పోసి, పాలుగాని పండ్లరసముగాని చక్కెరగాని ఉప్పుగాని అదనముగా చేర్పక, బాగుగా కలిపి, ఇరువదినాలుగు గంటల లోపల వాడి, మిగిలినదానిని పాఱబోయవలయును." చక్కని వాక్యమే, పరీక్షలో మార్కులు వచ్చును. ఇదే సంగతిని విడదీసి చూడుడు:

ఓఆర్‌ఎస్ – లీటరు పొట్లము
ముందు: చేతులు సబ్బుతో కడుగుడు.
నీరు: 1 లీటరు. కాచి చల్లార్చినది.
పొడి: పొట్లమంతయు, ఒక్కమాఱే.
వద్దు: పాలు, పండ్లరసము, చక్కెర, ఉప్పు.
గడువు: 24 గంటలు. మిగిలినది పాఱబోయుడు.

ఎడమ యంచున నున్న మాటలను మాత్రమే చదివినను పని నడచును. సగము పొడిని అంచనాగా గ్లాసెడు నీటిలో వేసినచో ఉప్పు హెచ్చి బిడ్డకు కీడగును గనుక "నీరు" అను మాట వెంట అంకె కనబడుట ప్రాణముతో పని. అంగళ్ళలో 200 మిల్లీలీటర్ల చిన్న పొట్లములును కలవు. పొట్లము మీద నీటి కొలత యేమని యున్నదో చూచియే కలుపవలయును. గమనింపుడు: "1 లీటరు", "24 గంటలు" అని అంకెలు వేసితిమే గాని అక్షరములతో వ్రాయలేదు. అక్షరముల గుంపులో అంకె బియ్యములో రాయివలె కన్నును నిలుపును.

అంకె మాట వచ్చినది గనుక మా డెల్టా సంగతి చెప్పెదము. భీమవరము చుట్టుపట్ల రొయ్యల చెఱువులున్న యింటివారికి ప్రతిదినము ధర తెలియవలయును. ధర కౌంటును బట్టి యుండును. కౌంటనగా కిలోకు తూగు రొయ్యల సంఖ్య. ముప్పది కౌంటు రొయ్య పెద్దది, ధర హెచ్చు. నూఱు కౌంటు రొయ్య చిన్నది, ధర తగ్గు. ఈ ధరలను ఎవరైన వ్యాసముగా వ్రాసి పంపుదురా? ఎడమవైపు కౌంటు, కుడివైపు ధర, రెండు నిలువు వరుసలు. అక్షరములు అంతగా రాని కూలీ కూడ తనకు కావలసిన వరుసను పట్టుకొనును. ధనముతో పని యున్నచోట ఎవరును నేర్పకయే మనవారు ఆవర్జా వ్రాయుచున్నారు.

ప్రాణముతో పని యున్నచోట కూడ ఒక మంచి యేర్పాటు కలదు. తుపాను వేళ రేవులలో ఎగురవేయు సూచికలకు 1 మొదలు 11 వఱకు అంకెలు కలవు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన యుప్పెనను, 1996 నవంబరు 6వ తేదీన కోనసీమ కొబ్బరితోటలను నేలగూల్చిన తుపానును ఎఱిగిన పెద్దలకు పదవ నంబరు అన్న మాట చాలును. వివరణ మక్కఱ లేదు. పదునొకండవ నంబరు అర్థము మఱియు విచిత్రము: వాతావరణ కేంద్రముతో వార్తలే తెగిపోయినవని. కాని యీ యంకెకు తోడుగా వచ్చు ప్రకటనను గ్రామమునకు పంపునప్పుడు వాయుగుండము పుట్టిన చోటు, అది గంటకు ఎన్ని కిలోమీటర్లు నడచుచున్నది, ఏ దిక్కునకు తిరుగ నున్నది అని యంతయు చెప్పి, "కావున తీరప్రాంతమువారు ఇండ్లు విడిచి సురక్షిత స్థలములకు పోవలయును" అని తుదను వ్రాయుట చిట్టా పద్ధతి. ఎవరు పోవలెను, ఎచ్చటికి, ఏ గంటలోపల – ఈ మూడును మొదట నుండవలయును. వాయుగుండపు చరిత్ర ఆశ్రయమునకు చేరిన పిదప చదువుకొనవచ్చును.

అక్షరముల రూపమును గూర్చి కొన్ని మాటలు. ఇంగ్లీషువారికి పెద్దబడి యక్షరములు కలవు. ఊరి పేరు, మనిషి పేరు, వాక్యపు మొదలు వాటివలన దూరమునుండియే కనబడును. మనకు ఆ సదుపాయము లేదు. తెలుగు పేరాలో "భీమవరము" అను మాటయు "భీకరము" అను మాటయు ఒకే యెత్తున నుండును. కనుక మనకు ఉపశీర్షికల యవసర మింకను హెచ్చు. ముఖ్యమైన మాటను లావుగా చూపుట మంచిదే గాని మన యక్షరములకు క్రింద వత్తులు, మీద గుడులు, నడుమ సున్నలవంటి వంపులు కలవు. చిన్న తెరమీద వాటిని మిక్కిలి లావు చేసినచో వంపులు పూడుకొనిపోయి "మ" యేదో "వ" యేదో తెలియదు. పంక్తికి పంక్తికి నడుమ ఇంగ్లీషునకు చాలిన యెడము మనకు చాలదు. పై పంక్తి వత్తులు క్రింది పంక్తి గుడులతో కలహించును. పేరా యంతయు లావు చేయుటయు తగదు. పెండ్లిలో అందఱును పట్టుచీరలే కట్టినచో పెండ్లికూతు రెవరో వెదకికొనవలెను.

సమాసములును, సంధులును కలయజూచు కంటికి మెట్టలు. "జిల్లాస్థాయిమహిళాసంక్షేమపథకలబ్ధిదారులు" అను మాట ఫోను పంక్తిలో ఇముడక యెక్కడనో విఱుగును. విఱిగిన ముక్కకు అర్థ ముండదు. విడదీసి, "పథకము ఎవరికి?" అని శీర్షిక పెట్టిన చాలును.

శీర్షిక యనగా చదువరి ప్రశ్న గాని, దాని సమాధానము గాని కావలెను. "ముఖ్య గమనిక" అను శీర్షిక ఏమియు చెప్పదు. ప్రతి గమనికయు తన్నుతాను ముఖ్యమనియే అనుకొనును. "సోమవారము బడి లేదు" అనునది శీర్షిక. ఇక "ఈ చిట్కా తెలిసినచో మీరు నమ్మలేరు" అని తల యూపించి, లోపల ఏమియు లేని పుటలను గూర్చి మా యభిప్రాయము అచ్చునకు తగదు. అట్లే "ఇక్కడ నొక్కుడు" అని మాత్రమే వ్రాయువారు తఱచు. ఇక్కడ ననగా ఎక్కడ? నొక్కినచో ఏమి వచ్చును? "దరఖాస్తు ఫారము" అని ఆ మాటనే నొక్కదగినదిగా చేయవచ్చును గదా. చూపు లేని సోదరీమణులు ఫోనుచేత చదివించుకొని విందురు. వారును కలయజూతురు, చెవితో. పుటలోని శీర్షికలను మాత్రము, లేదా నొక్కదగిన మాటలను మాత్రము, వరుసగా వినిపింపుమని వారు ఆ యంత్రమును అడుగుదురు. "ఇక్కడ", "ఇక్కడ", "ఇక్కడ" అని పదిమాఱులు వినబడినచో వారి గతి యేమి? శీర్షికను అక్షరములు లావు చేసి ఊరకొనక, శీర్షిక యని వెబ్‌సైటునకు తెలియునట్లు గుఱుతు వేసినప్పుడే ఆ యంత్రము దానిని పట్టుకొనును. ప్రకటనను ఫొటో తీసి పంపుటయు వారికి గోడ కట్టుటయే. బొమ్మలోని యక్షరములు చాలమాఱు చెవికి చేరవు, వెదకినను దొరకవు.

ఈ వ్యాసము గ్రాంథికమున వ్రాయుచు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారిని తలచుట కొంత వింతగా తోచవచ్చును. జనుల నోట నున్న తెలుగే బడి పుస్తకములకు తగునని వాదించిన యా మహనీయుని (1863–1940) జన్మదినము, ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవముగా జరుగుచున్నది. పత్రికను ఒడిలో పెట్టుకొని చదువు తీరుబడి భాష వేఱు, పాలు పొంగులోపల చదువు భాష వేఱు అని మా మతము. మేము వ్రాయు ఈ తీరున ఎవరైన తుపాను హెచ్చరిక వ్రాసినచో మేమే మొదట ఆక్షేపింతుము. అట్లే అన్నిటిని ముక్కలు చేయుటయు మాకు ఇష్టము కాదు. కథను ఉపశీర్షికలతో కోయరాదు. అత్తవారింటనుండి కుమార్తె వ్రాసిన యుత్తరమును ఏ తల్లియు కలయజూడదు. మూడుమాఱులు చదువును, వ్రాయని మాటలను కూడ చదువును.

మీరు వ్రాసినది కలయజూచుటకు తగునో లేదో తెలిసికొను ఉపాయము ఖర్చు లేనిది. దీనికి అయిదుగురు చదువరులు చాలునని నీల్సెన్ 2000లో వ్రాసెను; వ్రాతలోని పెద్ద లోపములు చాలవఱకు ఆ యైదుగురి యొద్దనే బయటపడునట. మీ ఊరగాయల పుటనో, సంఘపు సందేశమునో ఫోనులో తెఱచి, దానిని మునుపు చూడని యొకరి చేతికిండు. అత్తగారైనను, తోడికోడలైనను, పాలుపోయు ఆమె యైనను సరియే. "చదవండి" అని యనకుడు; అన్నచో మర్యాదకై యంతయు చదువుదురు. "సీసా వెల యెంత?", "వాయిదా ఏ తేదీ?" అని యొక్క ప్రశ్న అడుగుడు. ఆమె వ్రేలిని చూడుడు. పైకి క్రిందికి రెండుమాఱులు తిరిగినచో, లేక "నా కళ్ళజోడు తేవే" అన్నచో, ఆ పంక్తి ప్రక్కన ఒక చుక్క పెట్టుకొనుడు. ఆమెకు మాత్రము ఏమియు విడమఱచి చెప్పకుడు. అయిదుగురును ముగిసిన పిదప చుక్కలు హెచ్చుగా నున్న పంక్తిని పైకి తెచ్చి, క్రొత్తవారి కొకరికి మరల చూపుడు.